అమ్మ ఒడిలో బిడ్డ

అమెరికాలో రియో గ్రాండే నది ఒడ్డున ఉన్న ఆ ప్యూబ్లో ఆదివాసుల ఊళ్లో, మట్టిబొమ్మలు కాల్చడానికి లూకారియా వాకిట్లో పిడకలు పేరుస్తోంది. అమ్మ పోయాక పట్నం చెల్లెలు డెల్ఫీనా మళ్లీ గడప తొక్కడం ఇదే. రావడం రావడమే గొడవతో వచ్చింది.

"అమ్మ చేసిన ఆ తల్లీపిల్లల బొమ్మ మ్యూజియానికి పోవడానికి వీల్లేదక్కా."

"గొంతు తగ్గించు. పిడకలింకా అంటించలేదు కాబట్టి సరిపోయింది. అయినా చెప్పడానికి నువ్వెవరు? అమ్మ మంచాన పడితే రాలేదు. ఇప్పుడు బొమ్మ మీద ప్రేమ పుట్టుకొచ్చిందా?"

"ప్రేమా? దాన్ని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. పగలగొట్టెయ్."

"నోరు కడుక్కో. అమ్మమ్మ వాళ్లు టోపీ దొరల్నీ పాదిరీల్నీ వెక్కిరిస్తూ బొమ్మలు చేస్తే, ఆటబొమ్మలంటూ అంగడివాళ్లు చిల్లరకి ఎత్తుకుపోయారు. ఒక్కదాని మీదా చేసినావిడ పేరు లేదు. ఇన్నాళ్లకి అమ్మ పేరు రాసి అద్దాల బీరువాలో పెడతామంటున్నారు. నీ ఏడుపేంటి?"

"పేరొక్కటేనా? 'అమ్మ, ఆమె పిల్లలు' అని కూడా రాస్తారట. అన్నయ్య చెప్పాడు."

"రాస్తే?"

"మనం నలుగురం. బొమ్మ మీద ముగ్గురే. అమ్మని సాగనంపిన రోజు ఆ కిటికీలో చూశాను. అన్నయ్యలిద్దరూ చెరో భుజం మీద, నువ్వు ఒడిలో. నేనేదీ? ఊరొదిలి బయటివాణ్ణి చేసుకున్నానని అమ్మ నన్ను లెక్కలోంచే తీసేసింది. ఊరంతా చూసింది చాల్లేదా, ఇంక లోకమంతా చూడాలా?"

"నలుగుర్నీ చేసింది."

"అబద్ధం."

"నలుగుర్నీ చేసింది. కాలుస్తుంటే ఒకటి ఊడిపోయింది. ఏ రోజు కాల్చిందో గుర్తుందా?"

"నాకేం తెలుసు."

"తెలీదూ? నువ్వు మూట కట్టుకుని పోయిన రోజు. పిడకలు రాజుకున్నాక మంట దగ్గర పోట్లాడకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. మట్టి వింటుంది. నువ్వు మంట పక్కనే నిలబడి అమ్మని నానా మాటలూ అన్నావు."

"అమ్మ అన్లేదా? నువ్వు అన్లేదా?"

"నేనూ అన్నాను. లోపల టప్పుమంది. అప్పటికిగానీ నీ నోరు మూతపడలేదు."

"అంటే నా బొమ్మని నేనే విరగ్గొట్టుకున్నానంటావు. బాగుంది. ఆ ముక్కేదీ? అదన్నా ఇయ్యి."

"లేదు. పగిలిన పెంకులన్నీ నూరినట్టే అమ్మ దాన్నీ నూరేసింది. కొత్త మట్టిలో కలిపేసింది."

"ఏడ్చిందా?"

"లేదు."

"చూశావా మరి. నన్ను నూరుతూ ఒక్క చుక్క కూడా..."

"వాగకు. బొమ్మ అదిగో, ఆ కిటికీలోనే. తీసి తిప్పు. ఒడిలో పిల్ల పాదాలు చూడు."

"ఏముంది, నల్లరంగు."

"బూట్లు. మనింట్లో బూట్లు తొడుక్కుని దొరల బడికెళ్లిందెవరు?"

"నేనే. అంటే ఈ ఒడిలో ఉన్నది..."

"నువ్వే. రెండు చేతులా పొదువుకుంది నిన్ను. పారిపోతావని ముందే తెలిసినట్టు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఏడవాలని."

"మరి ఊడిపోయిన పిల్ల..."

"నన్ను నూరుతూ అమ్మ ఏమందో తెలుసా? 'లూకారియాదేముందిలే, అదెక్కడికీ పోదుగా' అంది."