తొమ్మిదో మేకు

వచ్చావా? వంగు, వంగు... అయ్యో, తగిలిందా? మొదటిరోజు అందరికీ తగులుతుందిలే. ఆ తలుపు మా తాత చేసింది. ఆయన ఐదడుగుల రెండంగుళాలు. అంతకంటే పొడుగున్నవాళ్ళు ఆట బయట కూర్చునే చూడాలని ఆయన ఉద్దేశం. కూర్చో. అక్కడ కాదే! ఆ మూల పీట వద్దు. ఇటు, నా పక్కన, ఈ డబ్బా మీద. ఎందుకంటే... చెప్తా, చెప్పడానికేగా పిలిచాను. నా మోకాళ్ళు పోయాయి, వచ్చే శనివారం నించి ఈ బేస్‌బాల్ స్కోరు బోర్డు నీదేనే కొలెట్ అని తాళంచెవి చేతిలో పెట్టేస్తే సరిపోదు. ముందా సున్నా పలక అందుకో. పై వరస, అవతలి ఊరిది. ఆరో మేకు. అలా కాదు, అంకె బయటికి ఉండాలి, మనం చూసుకోడానికా ఏమిటి! ఊఁ. మీ తమ్ముడు లూక్ ఇవాళ బంతి బాగా... ఆఁ, ఏమిటి అనబోయావ్? అనకు. నువ్వేమనబోయావో నాకు తెలుసు. ఆ కన్నంలోంచి చూడు, వద్దనను. లెక్క మటుకు పెట్టకు. పెట్టినా కడుపులో ఉంచుకో.

మీ కాలేజీ వాళ్ళకి ఇవన్నీ చాదస్తం. కానీ ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. బంతి వేసేవాడు అవతలివాళ్ళలో ఒక్కణ్ణి కూడా కొట్టనివ్వకుండా తొమ్మిది విడతల ఆటని చివరిదాకా లాక్కొస్తుంటే, ఆ మాట ఎవరూ నోటితో అనకూడదు. వాడి పక్కన కూర్చోకూడదు, వాడితో మాట్లాడకూడదు. వాడికి తెలుసు, మైదానం అంతటికీ తెలుసు, అందరూ వర్షం గురించీ పళ్ళనొప్పుల గురించీ మాట్లాడుకుంటారు. కన్నంలోంచి చూడు, మనవాళ్ళ బల్ల మీద లూక్‌కి అటూ ఇటూ ఎంత ఖాళీ ఉందో. కుష్ఠు వచ్చినవాణ్ణి వదిలేసినట్టు వదిలేశారు పాపం! అదీ మర్యాదంటే.

మా తాత పేరు ఒనెజీమ్. పొద్దున్నించీ సాయంత్రం దాకా కాగితం మిల్లులో, గుజ్జు ఉడికించే చోట. ఆయన కోటు విప్పితే గది అంతా కుళ్ళిన గుడ్ల వాసన. మా నాయనమ్మ అనేది, "నిన్ను చేసుకున్నది ముక్కు దిబ్బడేసిన రోజునయ్యా" అని. ఆదివారం చర్చికి వెళ్ళేవాడు, కానీ మోకాళ్ళు వంగింది ఆ మైదానంలోనే. చలికాలం పోయాక... ఏమిటే నవ్వుతావ్, నిజమే. మంచు కరిగిందో లేదో పార పట్టుకుని వచ్చి ఆ మట్టిదిబ్బ సరిచేసేవాడు, బంతి వేసేవాడు నిలబడే దిబ్బ. పిల్లాడికి తల దువ్వినట్టు దువ్వేవాడు. ఈ బోర్డూ ఆయనే కట్టాడు, మిల్లు పారేసిన చెక్కలతో. ఈ పలకలన్నీ ఆయన చేతి రంగే. చలికాలమంతా వంటింట్లో ఆరబెట్టేవాడు. సూపు గిన్నె పక్కన ఒక ఏడు, రొట్టె పక్కన ఒక మూడు. "ఈ ఇంట్లో తిండి కంటే అంకెలెక్కువ" అని నాయనమ్మ గోల. సున్నాలు మటుకు పద్ధెనిమిది చేశాడు. ఎందుకు తాతా అన్ని అంటే, "పిట్టా, బేస్‌బాల్‌లో ఎక్కువసార్లు ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని చూడ్డం వస్తే నీకు ఆట వచ్చినట్టే" అనేవాడు. నన్ను పిట్టా అనేవాడు. నేను ఆయన వెనకాలే ఇందులో దూరేదాన్ని. ఆడపిల్లలు రాకూడదు. తిండి క్యారేజీ తెచ్చినట్టు వచ్చి, ఎవరికీ తెలీకుండా ఉండిపోయేదాన్ని. క్యారేజీలో ఎప్పుడూ చిక్కుడు గింజలూ రొట్టే.

ఆగు, మనవాళ్ళది అయిపోయింది. కింద వరసలో ఒకటి పెట్టు. ఆరోది. ఊఁ. మనకి రెండు, వాళ్ళకి... వర్షం వచ్చేలా ఉంది కదూ?

నాకు తొమ్మిదేళ్ళప్పుడు. మా చిన్నాన్న రొజేర్, తాత ఆఖరి కొడుకు, ఇరవై రెండేళ్ళు, చెయ్యి కొరడాలా ఉండేది. అవతలి ఒడ్డు మిల్లు వాళ్ళతో ఆట. వాళ్ళని ఇరవై ఏళ్ళుగా ఓడించలేదు మనం. ఆ రోజు రొజేర్ ఒక్కణ్ణి కూడా కొట్టనివ్వలేదు. ఐదు, ఆరు, ఏడు. తాత ఇదిగో ఇక్కడ, నేను నువ్వున్నచోట. ఎనిమిదోది అయ్యేసరికి మైదానంలో ఒక్క మాట లేదే! రెండువేలమంది, ఈగ చప్పుడు వినిపిస్తోంది. తాత పద్ధతి ఒకటుండేది. మూడోవాడు ఔటై విడత ముగిశాక వెంటనే పలక తగిలించడు. అంపైర్ చెయ్యి చూసి, వేలి కణుపుతో ఈ చెక్క మీద మూడుసార్లు కొట్టి, అప్పుడు తగిలించేవాడు. టక్, టక్, టక్. "జరిగిందాన్ని రాస్తాం పిట్టా, జరగబోయేదాన్ని కాదు." తొమ్మిదోది. ఇద్దరు ఔటయ్యారు. మూడోవాడికి ఇంకొక్క బంతి. తాత కన్నానికి కన్ను ఆనించి, నా వైపు చూడకుండా, "సున్నా పట్టుకో పిట్టా" అన్నాడు. పట్టుకున్నాను. బంతి పైకి లేచింది. గీత అవతలికి, కొట్టేవాడి వెనక బంతి పట్టే క్యాచర్ వెనకవైపు. క్యాచర్ దాని కిందకి పరిగెత్తాడు. జనం హోరు! నాకు కన్నం అందదు, హోరే వినిపించింది. అయిపోయిందనుకున్నాను. ఎగిరి తొమ్మిదో మేకుకి సున్నా తగిలించేశాను.

అవును. నేనే. నా కడుపున పుట్టిన మీ నాన్నకి కూడా తెలీదు. ఇవాళ నీకే చెప్తున్నా.

బంతి క్యాచర్ చేతిలోంచి జారింది, కొట్టేవాడు ఔట్ కాలేదు. రొజేర్ అప్పటికే బోర్డు వైపు తిరిగాడు. సున్నా చూశాడు. అయిపోయిందనుకుని నవ్వాడట. భుజాలు వదిలేశాడట. తాత పలక లాగేశాడు, ఎంత విసురుగా అంటే కింద పడి అంచు విరిగింది, కింది ఎడమ అంచు. బయట అంపైర్ "ఆడండి, ఆడండి" అంటున్నాడు. తర్వాతి బంతి రెండో బేస్ పక్కనించి గడ్డిలోకి పోయింది. దాని వెనకాల ఇంకొకటి, ఇంకొకటి. మూడు పరుగులు. ఓడిపోయాం. ఆట అయ్యాక ఈ తలుపు తోసుకుని వచ్చాడు చిన్నాన్న. నేను పలకల గుట్ట వెనక నక్కి ఉన్నాను. "నాన్నా, ఒక్క నిమిషం ఆగలేకపోయావా?" అన్నాడు. అంతే. అరవలేదు, అరిస్తే బాగుండేది. తాత నా వైపు చూడను కూడా చూడలేదు. "ఆగలేకపోయానురా" అన్నాడు.

ఏడో సున్నా, ఏడో సున్నా! మాటల్లో పడి... అంపైర్ చెయ్యి ఎత్తాడా? చూశావా సరిగ్గా? పెట్టు. నీ చెయ్యి ఎందుకంత చల్లగా ఉంది? ఈ మూల ఎప్పుడూ అంతేలే. ఆగస్టులో కూడా.

చిన్నాన్న శీతాకాలానికి ముందే కనెటికట్ పోయాడు, ఏదో గడియారాల ఫ్యాక్టరీకి. ఉత్తరాలు నాయనమ్మకే. ఊరు ఊరుకుంటుందా? మంగలి ఎర్వే, పొట్టివాడు, నోరు మటుకు గంటస్తంభమంత, తాత గెడ్డం గీయించుకోడానికి వెళ్తే, "రావయ్యా ఒనెజీమ్! వచ్చే ఆదివారం స్కోరు కూడా పెట్టేశావా? పందెం కాసుకుంటాం చెప్పు" అనేవాడు. ఎవరైనా చనిపోయే స్థితిలో ఉంటే, "ఒనెజీమ్‌ని పిలవండి, ముందే సున్నా పెట్టేస్తాడు" అనేవాళ్ళు. తాత నవ్వేవాడు. సబ్బు నురగలోంచి. నేను ఆ బెంచీ మీదే కూర్చునుండేదాన్ని. ఒక రోజు దారిలో ఏడ్చాను, చెప్పేస్తా తాతా అని. ఆగి, వంగి, నా బూటు లేసు కట్టాడు. కట్టే ఉంది అది. మళ్ళీ విప్పి కట్టాడు. "ముసలాడు పొరపాటు చేస్తే ఊరు నవ్వుతుంది పిట్టా. చిన్నపిల్ల చేస్తే ఊరు గుర్తుపెట్టుకుంటుంది. నవ్వనీ." ఆ అంచు విరిగిన సున్నా మళ్ళీ బోర్డుకి పెట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళి కట్టెల కొట్టంలో తలుపు వెనక తగిలించుకున్నాడు.

ఎనిమిదోది వచ్చిందా? ఇద్దరు ఔటా? నాకు చెప్పకు. వేలు చూపించు చాలు.

మూడేళ్ళ తర్వాత. నాకు గవదబిళ్ళలు, దవడలకి గుడ్డ కట్టుకుని ఇంట్లో పడున్నాను. తాత ఒక్కడే ఉన్నాడిక్కడ. ఆట బాగానే జరిగింది, అంకెలన్నీ సరిగ్గా పడ్డాయి, తొమ్మిదో సున్నా దాకా. జనం వెళ్ళిపోయారు. చీకటి పడకముందు నాయనమ్మ మనిషిని పంపింది. ఆ మూల పీట మీద కూర్చుని ఉన్నాడు, గోడకి ఆనుకుని, టోపీ కళ్ళ మీదకి దించుకుని. డాక్టర్ గిమాన్ వచ్చి మెడ తిప్పి చూశాడు, దవడ బిగుసుకుపోయింది. "ఈయన పోయి మూడు గంటలయింది" అన్నాడు. ఆట మొత్తం నడిచింది రెండున్నర గంటలు, అది అయి గంట. మరి మూడో సున్నా నించి ఎవరు పెట్టారే? నాయనమ్మ అడిగింది. మంగలి ఎర్వే ఒక్కడే నోరు తెరిచాడు, "తొమ్మిదోది మాత్రం ఆలస్యంగా పెట్టారు. నేను చూశాను. ఔటయ్యాక ఆగి, ఆగి పెట్టారు" అన్నాడు. అని టోపీ తీసేశాడు. ఆ తర్వాత జన్మలో ఆ వేళాకోళం చెయ్యలేదు.

ఆ విరిగిన పలక నేను తెచ్చి ఆయన శవపెట్టెలో పెట్టాను, ఆయన కోటు కింద. దవడకి గుడ్డతోనే వెళ్ళాను. చిన్నాన్న వచ్చాడు అంత్యక్రియలకి. గోరీ దగ్గర నా పక్కనే నిలబడ్డాడు. చెప్పొచ్చు. నోరు తెరిస్తే చాలు. "చలిగా ఉంది చిన్నాన్నా" అన్నాను. ఆయనా పోయాడు, నలభై ఏళ్ళయింది. ఇంకెవరికి చెప్పను?

తర్వాత ఈ బోర్డులోకి మగాడన్నవాడు ఒక్కడు అడుగు పెట్టలా. మన మేన్ రాష్ట్రం మొత్తం మీద ఎలుగుబంట్లని వేటాడే వీరులు, ఈ తలుపు దగ్గరికి రమ్మంటే నడుంనొప్పి! ఆడపిల్ల రాకూడదన్న ఫాదర్ గారే వచ్చి, "లియోనా, నువ్వు వెళ్తావా అమ్మా" అన్నాడు. మొదటి రోజే విన్నాను. ముగ్గురూ ఔటయ్యారు, నేను పలక ఎత్తాను, ఆ మూల నించి... టక్, టక్, టక్. భయమా? చచ్చేంత. కానీ మూడోది వినపడే దాకా ఆగాను. అప్పట్నించీ అరవై ఏళ్ళు, ఆ కన్నంలోంచి నేను చూసింది తక్కువే. కళ్ళు మోసం చేస్తాయి, హోరు మోసం చేస్తుంది. తాత చెయ్యడు. నాకు తప్ప ఎవరికైనా వినపడుతుందో లేదో తెలీదు. నీకు వినపడకపోతే తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యి, కోపం లేదు.

ఎనిమిదోది పెట్టేశావా? ఎప్పుడు? విన్నావా? ... వింటేనే పెట్టానంటావ్. సరే. సరే మరి. ఇదిగో, కేకు ముక్క తిను. తినలేవూ? నేనూ తినలేను.

ఎంత నిశ్శబ్దం! ఆ రోజులాగే ఉంది. లూక్ ఎలా ఉన్నాడు? టోపీ సరిచేసుకుంటున్నాడా? రొజేర్ కూడా అంతే... ఒకడు పోయాడా. ఊఁ. రెండోవాడూనా? నెమ్మదిగా, ఊపిరి తీసుకో. సున్నా పట్టుకో. పట్టుకో, అంతే. మేకు దగ్గరికి పోకు. బంతి పైకి... హోరు! ఆగు! ఆగవే, నీ చెయ్యి నాకియ్యి! తట్టలేదు. అరవనీ, ఊరంతా అరవనీ, తాత తట్టలేదు. ... చూడిప్పుడు. కింద పడిందా? పడింది కదూ? లూక్ బోర్డు వైపు చూస్తున్నాడా? చూడనీ. ఖాళీ మేకే చూస్తాడు. ఖాళీ మేకు చూసి మళ్ళీ తిరుగుతాడు. చూశావా, తిరిగాడు. ... నా చెయ్యి వదలకు.

...

విన్నావా? ఒకటి. రెండు. ... మూడు. అదిగో ఇప్పుడు అరుస్తున్నారు. నువ్వే పెట్టు తల్లీ. ... ఏమిటే అలా నిలబడిపోయావ్? జనం చప్పట్లు కొడుతున్నారుగా, పెట్టేశావా? నీ సున్నా నీ చేతిలోనే ఉందే! మరి ఆ మేకుకి వేలాడేది...

తడిమి చూడు. కింద అంచు. ఎడం వైపు.

... సరే. దిగు, మెట్టు జాగ్రత్త. ఇంట్లో చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టొచ్చాను, మాడిపోతాయి.