సర్దారు సంతకం

నస్పూర్ బొగ్గుబాయిల రోజూ పైకప్పు సూసి, గోడకు చాక్‌పీసుతోని తారీఖు రాసి సంతకం పెట్టినంకనే కూలీలను లోపలికి తోలే సర్దారు, డ్యూటీ దిగొచ్చి టీవీ ముంగట కూసున్నడు. దుబాయి నుంచి కొడుకు తెచ్చిన వీడియో గేమ్ బిడ్డ చేతిల ఉన్నది.

"బాపూ, ఆటలున్న గీ మీసాలోన్ని గోడలకెళ్లి అవుతలికి తీస్కపోత. అన్నకు చెప్తె అబద్ధమని నవ్విండు."

"గోడలకెళ్లి ఎట్ల పోతడే?"

"గొట్టం మీద వంగి, ఎనుకకు దుంకాలె. ఇటుకల ఇరుకుతడు. ఇరికినోన్ని మిషినే అవుతలికి నూకుతది. సూడు!"

"అమ్మో, పోయిండే!"

"అవుతల మూడు గొట్టాలున్నయి. సక్కని తొవ్వల పోతెనే, ఏది ఏ లోకానికి పోతదో వాటి మీద నంబర్లు పడ్తయి. మనం ఆ నంబర్లు పడకముందే గొట్టంల దిగుతున్నం."

"నేను తారీఖు రాయకముందే బాయిల దిగినట్టా?"

"అట్లనే! ఏడికి తోలాల్నో మిషిన్‌కు తెల్వది. ఇగో, సదువు!"

"మైనస్ ఒకటి... అంతా నీళ్లే!"

"ఎంత ఈదినా ఒడువది. ఎవ్వలూ కట్టని లోకం బాపూ!"

"ముప్పై ఏండ్లల ఒక్కన్ని గట్ల దిగనియ్యలే. చాక్‌పీసు తే."

"ఎందుకు?"

ఆయన లేచి టీవీ చెక్కపెట్టె మీద తారీఖు రాసిండు, కింద సంతకం గీకిండు.

"సర్దారు సూసిండు. ఇగ పిలువు మీ అన్నను!"