అక్క మింగేసిన మాట

పల్లెలో ఒక ఇంటి పడకగది. మంచం మీద, ఇక ఎంతోసేపు ఉండదని తెలిసిన అక్క. పక్కన స్టూలు మీద చెల్లెలు. ఫాదర్‌గారికి కబురు వెళ్ళింది.

“అది దగ్గు కాదక్కా. నాకు తెలుసు.”

“దగ్గే. కొట్టంలో దుమ్ము.”

“గుళ్ళో కూడా దుమ్మేనా? పరలోక జపంలో సరిగ్గా ‘నీ చిత్తం’ అన్న చోటే పట్టుకుంటుందా దుమ్ము? గుడంతా నీకు ఉబ్బసం అనుకుంది. టైలరమ్మ తేనె కూడా పంపింది.”

“మంచి తేనె.”

“నవ్వకు, ఆయాసం వస్తుంది. ఫాదర్‌గారు వచ్చి నీకు ఆఖరి దీవెన నూనె రాసి, అందరితో ఆ జపమే చెప్పిస్తారు. ఇవాళైనా మింగెయ్యకుండా చెప్పు.”

“చెప్పను.”

“దేవుడి మీద పంతమా? ఇట్లా పడుకుని కూడానా?”

“పంతం కాదే. భయం. మీ బావకి జ్వరం దిగని రోజు నేనా మాట మనసారా అన్నాను. మోకాళ్ళ మీద పడి, నీ ఇష్టం ఎలా ఉంటే అలాగే కానియ్యి తండ్రీ అన్నాను. లేచి చూస్తే ఆయన లేడు.”

“బావ జ్వరంతో పోయాడు. నీ మాటతో కాదు.”

“నీకేం తెలుసు? చంకలో పిల్లాడు. నాకు మిగిలింది వాడొక్కడు. మళ్ళీ ఆ మాటంటే వాణ్ణి కూడా…”

“అందుకని ఇన్నేళ్ళూ దగ్గావా!”

“తట్టు పోసింది, బతికాడు. కాలవలో పడ్డాడు, బతికాడు. పెద్దయి లారీ ఎక్కాడు. వెళ్ళిన ప్రతిసారీ తిరిగొస్తూనే ఉన్నాడు. ఊరికే వస్తున్నాడా?”

“ఆ మిల్లు మేస్త్రీ వచ్చి అడిగినప్పుడు మారుమనువు చేసుకోవలసింది నువ్వు. కాస్త ధైర్యంగా ఉండేది.”

“చేసుకుంటే ఇంకొకడి కోసం కూడా దగ్గాలి. ఒకడికే ఊపిరి చాలడం లేదు.”

“ఫాదర్‌గారికి ఎప్పుడైనా చెప్పావా?”

“పాపాలు ఒప్పుకునేటప్పుడు, పాపసంకీర్తనంలో చెప్పా. మూఢనమ్మకం అన్నాడు. ఆయనకేం, పిల్లలా గిల్లలా?”

“అక్కా!”

“వాడు ఎక్కడిదాకా వచ్చాడు?”

“వస్తున్నాడు.”

“పొద్దున కూడా ఇదే చెప్పావ్. ఫోన్ చెయ్యి.”

“బండి నడిపేటప్పుడు ఎత్తడు కదా. ఇవిగో, నీళ్ళు తాగు.”

“నీళ్ళొద్దు. ఇందాక అంతసేపు ఎక్కడికెళ్ళావ్?”

“పాలు పితికి వచ్చాను. నీ ఎర్రావు నన్ను దగ్గరికి రానిస్తేనా?”

“దానికి నా చెయ్యే కావాలి. దీని అమ్మమ్మ కూడా అంతే. మీ బావని పూడ్చిన మర్నాడు అరిచి అరిచి లేపింది. ఆవులు మనల్ని ఏడవనివ్వవే.”

“తెలుసు. పక్కన బకెట్టుతో నిలబడింది నేనేగా. అక్కా, ఒక్కసారి అను. నువ్వు దేవుడితో మాటల్లేకుండా పోతే నేను తట్టుకోలేను.”

“వాడు రోడ్డు మీద ఉండగానా? వాణ్ణి గడప దాటి లోపలికి రానీ. అప్పుడంటాను. నా ఇంట్లో ఉన్నవాడికి ఏమవుతుంది?”

“…వచ్చేశాడు.”

“ఆఁ?”

“ఇప్పుడే వచ్చాడక్కా. లారీ అవతల పెట్టి నడిచొచ్చాడు. పెరట్లో ఒళ్ళు కడుక్కుంటున్నాడు.”

“పిలువు. చూపు ఆనకపోయినా తడిమి చూసుకుంటా.”

“వస్తాడు. ఒళ్ళంతా డీజిలు. సబ్బు రుద్దుకుంటున్నాడు.”

“నిజంగా? మరియతల్లి మీద ఒట్టెయ్యి.”

“ఏంటక్కా చిన్నపిల్లలా…”

“ఒట్టెయ్యవే.”

“ఒట్టు.”

“చిక్కాడా?”

“లేదు. అలాగే ఉన్నాడు. బుగ్గలు కూడా అలాగే ఉన్నాయి.”

“హమ్మయ్య. ఏదీ, నా చెయ్యి పట్టుకో. గట్టిగా… నీ చిత్తం… నీ చిత్తమే జరగనీ తండ్రీ… విన్నావా? దగ్గలేదు.”

“విన్నానక్కా. విన్నాను.”

“ఎందుకే ఏడుస్తావు? ఇదేమంత పెద్ద మాట కాదు. వాడుంటే తేలిగ్గానే వచ్చింది… ఎవరో తలుపు తడుతున్నారు.”

“ఫాదర్‌గారు అయ్యుంటారు. నేను చూసొస్తా, నువ్వు కళ్ళు మూసుకో… ఫాదర్, ఈ వసారాలోనే ఒక్క క్షణం ఆగండి. మెల్లగా మాట్లాడండి. వాడి శవం ఊళ్ళోకి వచ్చినా గుళ్ళో చావుగంట కొట్టనివ్వకండి. అక్కకి ఇంకా వినబడుతోంది.”