విల్మోస్ మాస్టారి ఎడమ చెయ్యి

అధ్యక్షులు హల్మోష్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ముప్ఫై ఏళ్ళుగా మా తప్పులు విని కూడా చప్పట్లు కొడుతున్న కెచ్‌కెమేట్ ఊరివాళ్ళకు, అందరికంటే ముందు చెప్పుకోవలసిన మా విల్మోస్ మాస్టారికి, ఆయన భార్య ఇర్మా అమ్మగారికి నమస్కారాలు. నేను పిరోష్కాను, వయొలిన్‌కు అక్కలాంటి వయోలా వాయిస్తాను. ఈ వీడ్కోలు సభలో మాస్టారి గురించి మాట్లాడమనగానే మా బృందమంతా వాయిద్యాల వెనక నక్కింది. డేనెష్, నవ్వకు, ముందు నక్కింది నువ్వే. (నవ్వులు)

మా కచేరీలో మొదటి సగం శాస్త్రీయ సంగీతం, రెండో సగం పల్లె నాట్యాల పాటలు కాబట్టి నాకు రెండు వయోలాలు. నాట్యాలదానికి తీగల కింది చెక్క చదునుగా ఉంటుంది, మూడు తీగలూ ఒక్కసారే మోగుతాయి, ఒంటి తీగ మీద పాట మాత్రం పలకదు. చేరిన కొత్తలో పేచ్ నగరంలో కచేరీ మొదటి సగానికే ఆ చదునుదాన్ని పట్టుకుని వేదికెక్కేశాను. కమాను ఎత్తాక గాని చూసుకోలేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారు నా ముఖం చూశారు, వయోలా చూశారు, లేచి సభతో, "క్షమించండి, ముసలితనం, కార్యక్రమం తలకిందులుగా రాసుకొచ్చాను, ముందు నాట్యాలే" అన్నారు. అప్పుడాయనకు నలభై నాలుగు! (నవ్వులు) తెర వెనక మాత్రం, "కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా అమ్మాయ్?" అని దులిపేశారనుకోండి.

కిందటేడు వయొలిన్ తీగలు నొక్కే ఆయన ఎడమచేతి రెండు వేళ్ళకు స్పర్శ తగ్గింది. సాధన అయిన ప్రతిసారీ, "శ్రుతిలో ఉందా?" అని నన్నే అడిగేవారు. "బాగుంది మాస్టారూ" అనేదాన్ని. అబద్ధం. నెలల తరబడి అదే అబద్ధం. అక్టోబరులో ఒకరోజు ధైర్యం చేసి, "లేదు" అన్నాను. ఆయన వయొలిన్ పెట్టెలో పెట్టి మూశారు. "ఇది చెప్పడానికి ఇంతకాలం పట్టిందా?" అన్నారు. నాలుగు నెలలు నా ఫోను ఎత్తలేదు.

ఆయన నన్ను కాపాడారు. నేను ఆయన్ని ఆపేశాను. ఇది మనసులో పెట్టుకుని పూలగుత్తి ఇచ్చి ఫొటో దిగడం నా వల్ల కాదు.

వేదిక మీద అదిగో, కర్రతో కొట్టి వాయించే చెల్లో, పెద్ద వయొలిన్ లాంటిది. కొండ ఊళ్ళలో మొగుడు వయొలిన్ పడితే పెళ్ళాం దీన్ని కొడుతుంది. ఎడమచేతి వేళ్ళు స్వరాలు వెతుక్కోనక్కర్లేదు, కుడిచేతిలో లయ ఉంటే చాలు. "పెళ్ళాల వాయిద్యం" అని మాస్టారు దీన్ని జీవితమంతా వెక్కిరించారు. ఇర్మా అమ్మగారూ, మీరే ఏదో ఒకటి అనాలి. (నవ్వులు)

మాస్టారూ, మీ వయొలిన్ భాగం డేనెష్ నేర్చుకున్నాడు, వణుకుతూనే. నేను చదును వయోలాయే తెచ్చాను, ఈసారి చూసుకునే. మీరు బృందం వదిలి వెళ్ళిపోతే నాకు భయం. ఆ చెల్లో పక్కన కుర్చీ మీకోసమే వేశాం. వస్తే ముందు నాట్యాలే.

(ముందు వరుస నుంచి మాస్టారి గొంతు: "ఇర్మా, ఈ కోటు పట్టుకో.")

వచ్చినవాళ్ళందరికీ కృతజ్ఞతలు. మాటలింక చాలు, నా వయోలా అందుకుంటాను, సెలవు.