మూడూర్ల కాయితం

గోవిందస్వామి కోతలరాయుడని పుంగనూరు బస్టాండులో తెలియనివాడు లేడు. తెలిసీ వినకుండా లేచిపోయినవాడూ లేడు. వారమంతా చిత్తూరులో జిల్లా ఆఫీసు కొలువు, శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరికి రావడం, ఆదివారం పొద్దున్నే ఆంజనేయులు టీ అంగడి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోవడం. ఆ కూర్చోవడం కోసమే మిగతా వారమంతా బతికేవాడేమో అనిపిస్తుంది.

ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన కాలం అది, ఎనభై తొమ్మిది. మేడ మీద పెద్ద పళ్లెంలాంటిది ఒకటి ఆకాశం కేసి నిలబెట్టారు. గదిలో మీటలు నొక్కితే ఆ మాట ఆ పళ్లెం గుండా పోయి హైదరాబాదులో తేలుతుంది. ఆ గదిలో గోవిందస్వామి పనేమిటంటే దుమ్ము తుడవడం, చల్లగాలి మిషను వేసి ఆర్పడం, లోపలికి పోయే సార్లు విప్పిన చెప్పులు వాకిట్లో వరసగా సర్దడం. సార్లు "ఏయ్, ఎవరయ్యా ఆడ" అని పిలుస్తారు తప్ప పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. మీట మీద వేలు పెట్టే అధికారం అతనికి లేదు. ఈ సంగతి మాత్రం పుంగనూరులో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం కూడా కథ చిన్నగానే మొదలయింది.

"ఏమీ లేదబ్బా, మొన్న బుధవారం మా సారుకు జొరం. హైదరాబాదు నించి ఒకటే పోరు, మీ జిల్లాలో వాన ఎంత పడిందో సెప్పండీ అని. గదిలో నేనొక్కణ్ణే ఉండా. సరే, పోనీలే పాపమని సెప్పులిప్పి లోపలికి పొయ్యి, కుర్చీలో కూచోని, టకటకమని కొట్టినా. అంతే! కొట్టి తలకాయెత్తేలోపల జవాబు. 'అందింది గోవిందస్వామి గారూ, శానా సంతోషం' అని."

"గారూ అన్న్యారా?" అన్నాడు లక్ష్మీపతి. చౌడేపల్లె నుంచి పాల క్యాన్లతో వస్తాడతను, పాలు దించాక సగం పొద్దు ఈ అంగడిలోనే.

"అనకేం? మిషనుకు మర్యాద తెలుసప్పా, నీ మాదిర కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను వాన సంగతి రాస్తినా, మదనపల్లె ఆఫీసోళ్లు ఊరుకుంటారా? సూడు, ఇది మామూలు కాయితం కాదు. ఒకటే కాయితం, మూడూర్లలో మూడు పెట్టెల్లో ఒకేసారి తెరుసుకోని ఉంటాది. నేనీడ ఒక అచ్చరం కొడితే మదనపల్లెలో కనపడతాది, కుప్పంలో కనపడతాది. వాళ్లాడ సెరిపితే నా కండ్ల ముందరే సెరిగిపోతాది. మదనపల్లె వాడేం జేసినాడు, రామసముద్రానికి ఒక వాన ఎక్కువ రాసుకున్న్యాడు. కుప్పం వాడు దాన్ని సెరిపి ఎంకటగిరికోటకు రాసుకున్న్యాడు. వీడు రాసేది, వాడు సెరిపేది! ఇట్ల కాదురా నాయినా అని నేను మధ్యలో దూరి 'పుంగనూరు' అని కొట్టి, మీట మీద ఏలు తియ్యకుండా అట్లే అదిమి పట్టుకున్న్యా. ఏలు తీస్తే గదా వాళ్లు సెరిపేది! గురువారం ఈడ వాన పడిందా, లేదా?"

"నాలుగు సినుకులు పడినాయిలే," అన్నాడు ఆంజనేయులు, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"ఏలు నొప్పి పుట్టి తీసేస్తినప్పా! ల్యాకుంటే సెరువు తెగి నీ అంగడి కొట్టుకోని పొయ్యుండు."

అందరూ పగలబడి నవ్వారు. కుప్పం నుంచి మదనపల్లె పోయే బస్సు అప్పుడే వచ్చి ఆగింది. దాని కండక్టరు దేవరాజులు సంచీ చంకలో పెట్టుకుని పరుగున వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. ఇక్కడ టీ తాగందే ఆ బస్సు కదలదు. కొత్త చెవులు దొరికేసరికి గోవిందస్వామికి మరింత ఊపొచ్చింది.

"దేవరాజులూ, బాగా టయానికి వస్తివి. మన పుంగనూరు పొట్టావును మిషన్లోకి ఎక్కించినా తెలుసా? పొట్టిది గాబట్టి పట్టింది, ఇంకో జాతిదయితే కొమ్ములు బయటే నిలిచిపొయ్యేవి. రంగు రాసినా, కొమ్ములు రాసినా, సూడి సంగతి రాసినా. కుప్పంలో ఒక కొత్త సారు మీట నొక్కినాడో లేదో, గదంతా పేడ వాసన! మదనపల్లె వాడు సెంబు తీసుకోనొచ్చి పెట్టె కింద పెట్టినాడు, పాలొస్తాయేమో అని."

"వచ్చినాయా?"

"యాడ? దూడను రాసేది మర్సిపోతి గదా!"

ఈసారి నవ్వు సగంలోనే ఆగింది. పాపక్క వచ్చింది. కొత్తిమీర గంపను అంగడి పక్కన దించి, చెప్పులు రోడ్డు వారనే విడిచి, లోపలికొచ్చి కింద కూర్చుంది. ఎవరూ ఆమెను విడవమనలేదు. మిషనును ఏమైనా అడగాలంటే చెప్పులు బయట విడవాలని ఒకసారి గోవిందస్వామి అన్నాడు. అప్పటి నుంచీ ఈ టీ అంగడికే అలా వస్తోంది. ఆమె అలా చెప్పులు విడిచినప్పుడల్లా గోవిందస్వామి కాలు మీది కాలు తీసి కింద పెట్టేవాడు.

పాపక్కది చౌడేపల్లె పక్క పల్లె. తల్లి పోయాక తమ్ముడు మల్లప్పను చంకనేసుకుని కూలికి పోయి పెంచింది. కరువొచ్చిన ఏడాది మల్లప్ప ఎవరితోనో కలిసి రాతి పనికి పోయాడు. ఉగాదికి వస్తానన్నాడు. ఎన్నో ఉగాదులు వచ్చిపోయాయి గానీ వాడు రాలేదు, వాడి కబురూ రాలేదు. మూడూర్ల మనుషుల పేర్లన్నీ తన పెట్టెలో ఉన్నాయని గోవిందస్వామి కోతలు కోసిన రోజున పాపక్క గంప దించి వచ్చి, "నాయినా, నా తమ్ముడు దాంట్లో ఉండాడేమో సూస్తావా?" అని అడిగింది. గ్లాసులు కడిగిన బురదలో ఉత్త కాళ్లతో నిలబడి అడిగింది. లేదక్కా, నేను దాన్ని ముట్టుకోను కూడా అని ఆ రోజే చెప్పి ఉండవలసింది. అంతమంది ముందర నోరు రాలేదు. మరుసటి ఆదివారం, "ఉండాడక్కా, కుప్పం పక్క, బండల క్వారీలో," అనేశాడు. రాతి పని అనగానే ఈ వైపు ఎవరి నోటికైనా కుప్పమే వస్తుంది. అంతకు మించి దాంట్లో ఏమీ లేదు.

ఆ తర్వాతి వారం పాపక్క రాలేదు. గోవిందస్వామి బతికిపోయాను అనుకున్నాడు. ఆ పై వారం వచ్చి, అదే చోట కూర్చుని, "ఇంకా ఏం రాసుండాదప్పా?" అని అడిగింది. ఇక ఆపడం అతని వల్ల కాలేదు. ఒక వారం మల్లప్ప మేస్త్రీ అయ్యాడు. ఇంకో వారం మోపెడ్ కొన్నాడు. దేవరాజులు మనసు కరిగి, "అవునక్కా, కుప్పం బస్టాండులో నేనూ సూసినా, నీలం సొక్కా ఏసుకోని ఉండాడు," అన్నాడు. వాడి పెండ్లికి చౌడేపల్లె పాలే పోయినాయని లక్ష్మీపతి అందుకున్నాడు. వింటూ వింటూ ఆంజనేయులు ఒకసారి అన్నాడు, "మీ మిషన్ల సంగతి నాకు తెల్దు గానీ సామీ, ఈడ మాత్రం మీరంతా ఒకే కాయితం మీద రాస్తాండారు. సెరిపేవాడే ఒకడూ లేడు." పాపక్క వెళ్లాక అన్న మాట అది.

ప్రతి శనివారం బస్సులో వస్తున్నంత సేపూ గోవిందస్వామికి ఒకటే బెంగ. ఏదో ఒక రోజు ఆమె కుప్పం పోతానంటుంది. పోతే ఏమవుతుంది? ఆ దిక్కులేని మనిషి ఏమైపోతుంది? ఈ వారం చెప్పేస్తాను అనుకునేవాడు. టీ గ్లాసు చేతికి రాగానే, పది ముఖాలు తన వైపు తిరగ్గానే, నాలుక మాట వినేది కాదు.

"మావోడి సంగతేందప్పా?" అంది పాపక్క.

నవ్వుల వేడి ఇంకా ఒంట్లోనే ఉంది గోవిందస్వామికి. "నీ తమ్ముడికేం తక్కువ పాపక్కా! ఆడబిడ్డ పుట్టింది!"

"పుట్టిందా!" పాపక్క ముఖం విచ్చుకుంది. చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"బిడ్డ పుట్టిన ఏళ క్వారీ ఓనరు 'ఇంక ఈ కొండ నీదే మల్లప్పా' అని రాసిచ్చేసినాడు. మేస్త్రీలే వాడికి దండం పెడతాండారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీ నించి వచ్చింది అడగడం! ఎవరయ్యా ఈ మల్లప్ప, కాయితమంతా ఈయన పేరే ఉండాది, తక్కినోళ్లను రాసేదానికి సోటే లేదే, అని. నేను ఎనకాడతానా? రాసినా. అయ్యా, ఈయనకు పుంగనూరు పక్క ఒక అక్క ఉండాది, ఎత్తుకోని పెంచింది, ఉగాదికి వస్తానని పొయ్యినోడు ఇంకా రాలేదు, అని. అంతే! ఢిల్లీ గమ్మునైపోయింది. మదనపల్లె, కుప్పం, చిత్తూరు, మూడు తావుల్లోనూ ఒకేసారి ఏళ్లు పెట్టినారు మీటల మీద. ఒక్కడు సెరపలేదు సూడు! అందరూ ఒకటే మాట రాసినారు. 'మల్లప్పను ఇంటికి పంపించవలసినది.' ఆర్డరు! వచ్చే ఆదివారం, ఇదే ఏళకు, కుప్పం నించి వచ్చే దేవరాజులు బస్సులో, పెండ్లాంతో, బిడ్డతో, నీ ముందరే దిగుతాడక్కా!"

ఎవరూ నవ్వలేదు. ఆంజనేయులు చేతిలో గరిటె ఆగింది. దేవరాజులు తల వంచుకుని సంచీ బకిల్ తీసి, మళ్లీ పెట్టాడు. ఏమన్నానో గోవిందస్వామికి అప్పుడు తెలిసొచ్చింది. వెనక్కి లాక్కుందామంటే మాట ఇంకెక్కడుంది?

పాపక్క కళ్లు తుడుచుకోవడం ఆపింది.

"వొద్దప్పా," అంది.

"ఏం వొద్దక్కా?"

"వాణ్ణి రమ్మనొద్దు." గొంతు పెంచలేదు, కోపం లేదు. "నువ్వు కుప్పమని సెప్పిన మర్సనాడే నేను పోయినా. దేవరాజులప్పా, నీ బస్సు ఎక్కలా, యాడికని నువ్వు అడగతావని. క్వారీ క్వారీ తిరిగినా. కడాకు ఒక ముసిలామె సెప్పింది. ఉండేవాడమ్మా ఆ పిల్లోడు, పుంగనూరు పక్కోడంటాండె, వచ్చిన ఏడాదే బండ జారి మీద పడింది అని. ఏ పల్లెనో తెలియక ఎవరికీ కబురు సెయ్యలేదంట. పూడ్సిన తావు సూపించింది. ముండ్ల సెట్లు మొలిసి ఉండె. పీకేసి, ఇన్ని నీళ్లు పోసి వస్తిని."

"అక్కా..." అన్నాడు లక్ష్మీపతి.

"కుప్పంలో ఆఫీసుకూ పోయినాలే. ఈడ ఒక పెట్టె ఉండాదంట, మా వోడి పేరు దాంట్లో ఉండాదంట, సూపించండి సామీ అని అడిగితి. పెట్టేందమ్మా అని నవ్విరి."

గోవిందస్వామి ముఖం ఎత్తలేకపోయాడు. "మరి ఇన్నాళ్లూ ఏల వస్తివక్కా?" అన్నాడు. మాట బయటికొచ్చిందో లేదో అతనికే తెలియలేదు.

"ఏం జేసేదప్పా? మా ఊర్లో సెప్పితే, నలుగురొచ్చి ఏడుస్తారు, పోతారు. ఆడికి మల్లప్ప అయిపోయినట్లే. ఈడికొస్తే నువ్వు వాణ్ణి మేస్త్రీ జేస్తివి. పెండ్లి జేస్తివి. ఈ యప్ప నీలం సొక్కా ఏసుకోని ఉండాడనె. నా ఇంట్లో ఉన్నన్నాళ్లు నా తమ్ముడు ఒక మంచి సొక్కా ఎరగడు. ఆ పొద్దు ఇంటికి పోతా ఉంటే, దావంతా నీలం సొక్కాతోనే కనిపించినాడు నాకు. బాగుండాడు. కండ పట్టి ఉండాడు." ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, మళ్లీ తీసింది. "ఇన్ని సెప్పినావు, నేను ఒక్కటి కాదనలా. బస్సు దిగతాడంటివే, అది మాత్రం వొద్దు. వచ్చే వారం నేనీడ నిలబడి సూడాల. దిగేవోళ్లనంతా ముఖం ముఖం సూడాల. వాడు దిగడు. అప్పుడు మళ్లీ సచ్చిపోతాడు గదప్పా."

బయట డ్రైవరు హారను కొట్టాడు. దేవరాజులు కదల్లేదు. కారుతున్న కళ్లు తుడుచుకునేందుకు చెయ్యి కూడా ఎత్తలేదు. ఆంజనేయులు ఒక గ్లాసులో టీ పోసి తెచ్చి, పాపక్క ముందు వంగి, చేతికిచ్చాడు.

ఆమె టీ మొత్తం తాగింది. గ్లాసు కింద పెట్టి లేచింది.

"వాణ్ణి ఆడనే ఉండనియ్యప్పా. పెండ్లాంతో, బిడ్డతో ఆడనే సల్లగా ఉండనియ్యి. వచ్చే వారం వస్తా. బిడ్డకు ఏం పేరు పెట్టినారో సెప్పు. రమ్మని మాత్రం రాయొద్దు."

"సరేక్కా," అన్నాడు గోవిందస్వామి. దానికి ఇంకొక్క మాట కలపడం అతనికి చేతకాలేదు.