పద్నాలుగో టోకెన్

"ఒకటి, బోరు మోటారు స్టార్టరు బాగుచేయించాలి. రెండు, కాయలు కోసే చిక్కాలకి చిరిగిన వల కుట్టాలి. మూడు, ప్లాస్టిక్ ట్రేలు కడిగి ఆరబెట్టాలి. నాలుగు, గేదెకి తవుడు తేవాలి. అయిదు, మధ్యాహ్నం మూర్తిగారి లారీ వచ్చేలోపు రసాల ట్రేలకీ, పచ్చడికాయ ట్రేలకీ వేర్వేరు చీటీలు అంటించాలి. ఆరు, పదకొండింటికి నూజివీడులో డాక్టరు. నా చేత్తో రాసి కేలెండరుకి గుచ్చాను బావా. వీటిల్లో ఏవి అయ్యాయి?"

"అన్నీ."

"అన్నీ అయ్యాయా?"

"అన్నీ మొదలెట్టా."

"సంతోష్ కుమార్ గారూ, నేనడిగింది మొదలెట్టడం గురించి కాదు."

"మొగుణ్ణి పూర్తి పేరుతో పిలిచావంటే నాకు భయమే శిరీషా. చెప్తా, విను. ముందు స్టార్టరు విప్పా. విప్పాక ఒక స్క్రూ ఎటో పోయింది. స్క్రూ కోసం షెడ్డులోకెళ్తే వల కనపడింది. సరే, కుడదామని కూర్చుంటే సూది లేదు. సూది ట్రేల దగ్గర పెట్టినట్టు గుర్తు. ట్రేల దగ్గరికెళ్లా. ఎలాగూ వెళ్లా కదాని రెండు కడిగా. ఈలోపు నీళ్లు ఆగిపోయాయి."

"ఎందుకాగిపోయాయి?"

"స్టార్టరు విప్పా కదా."

"దేవుడా. తవుడు?"

"తవుడు కోసమే బండి తీశా. సెంటర్లో బుచ్చయ్య బాబాయి కనపడి, కోతకి నిచ్చెన లేదురా అన్నాడు..."

"మన నిచ్చెన ఇచ్చేశావు!"

"మనది కాదు. పక్కతోట వాళ్లది ఇప్పించా."

"గేదె మాటేంటి?"

"అరుస్తుంది."

"అది నాకూ వినపడుతుంది. సరే, ఆ తువ్వాలుకి ఆ ముడులేంటి?"

"మర్చిపోకుండా వేసుకున్నా. పనికో ముడి."

"పనులు ఆరు. ముడులు తొమ్మిదున్నాయి."

"మిగతా మూడూ పోయిన వారానివి."

"ఏ పనులు అవి?"

"అది గుర్తొస్తే విప్పేవాణ్ణిగా!"

"నవ్వించకు బావా, నాకు కడుపు మండిపోతుంది. మొన్న మూర్తిగారు ఏమన్నారు?"

"ఏమన్నారు?"

"నిన్ను ఎదురుగా నించోబెట్టి మరీ అన్నారు!"

"అన్నారు కానీ, అప్పుడే చెట్టు మీదకి కోతి ఒకటి..."

"'సంతోషూ, తోట సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు, కానీ ఇంకొక్క తప్పు జరిగిందా, ఇంకో మేస్త్రీని పెట్టుకుంటా' అన్నారు. తోట ఆయనది, ఆయన వద్దంటే మనం ఇంట్లో కూర్చోవాలి. ఏలూరు పెళ్లివారికి పచ్చడికాయ పంపావు. ఆవకాయ పెట్టుకునే ఆవిడకి రసాలు పంపావు."

"ఆవిడేమీ అనలేదు శిరీ."

"రసాలొస్తే ఎందుకంటుంది? పెళ్లివారన్నారు. మూడొందల మంది విస్తళ్ల ముందు కూర్చుని, పక్కన పుల్లటి కాయ పెట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకున్నారంట."

"పప్పులో వేయించాల్సింది."

"బావా!"

"సరే, సరే. ఇవాళ చీటీలు తప్పు పడవు. ఒట్టు."

"ఒట్లు వద్దు. బండి తియ్యి, డాక్టరు దగ్గరికి పోదాం. గంటన్నరలో తిరిగొచ్చి చీటీలు ఇద్దరం అంటిద్దాం."

"పిచ్చి డాక్టరు దగ్గరికి నేను రాను."

"ఆ మాట అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పిచ్చి కాదు అది. ధ్యాస కుదరకపోవడం. మా హెల్త్ సెంటర్ నర్సులందరికీ పోయిన నెల ట్రైనింగ్‌లో చెప్పారు. పిల్లలకే కాదు, పెద్దవాళ్లకీ ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఉండి, ఎవరూ కనిపెట్టక, తిట్లు తింటూ పెద్దవాళ్లయిపోతారంట."

"మీ వంశంలో మొదటి డిగ్రీ నీది. దానికి మొదటి పేషెంటు నేనా?"

"కూర్చో. కూర్చోమన్నానా! అందులో మూడు రకాలు."

"రసాలు, బంగినపల్లి, కలెక్టరు."

"మామిడికాయలు కాదయ్యా బాబూ! మొదటి రకం వాళ్లకి కాళ్లలో చక్రాలుంటాయి. కుదురుగా కూర్చోలేరు, మాటకి అడ్డం పడతారు, వెనకాముందూ చూడకుండా పనిలోకి దూకుతారు. రెండో రకం వాళ్లు ఉన్నచోటే ఉంటారు, మనసు మాత్రం ఎటో పోతుంది. చెప్పింది వింటున్నట్టే ఉంటారు, వినరు. పొయ్యి మీద పెట్టింది మర్చిపోతారు. వాళ్లు గోల చెయ్యరు కాబట్టి వాళ్లని ఎవరూ గుర్తుపట్టరంట. మూడో రకం ఈ రెండూ కలిసింది. కాలు ఊపకు."

"ఊపట్లా. అదే ఊగుతుంది."

"కాగితంలో ప్రశ్నలున్నాయి, అడుగుతా. ఇది చూసి నేను తేల్చేది కాదు, డాక్టరే తేల్చాలి. ఊరికే అడుగుతున్నా. మొదటిది..."

"ఉంది."

"నేనింకా చదవలేదు!"

"అడగకముందే జవాబు చెప్పేస్తారా అనేగా?"

"...అవును. అదే రాసుంది."

"చెప్పేస్తా అని రాసుకో. అమ్మ ఏది? పొద్దుట్నించీ కనపడలా."

"మాట మార్చకు. అత్తని ఆరున్నర బస్సుకే పంపించా, టోకెన్ తీసుకుని కూర్చోవడానికి. విజయవాడ నుంచి నెలకోసారి వచ్చే డాక్టరమ్మ ఆవిడ. ముందెళ్లి ఒకరు కూర్చోకపోతే మన వంతు రాదు. పద్నాలుగో నంబరు దొరికిందని అక్కడ కాంపౌండరు ఫోన్ చేసి చెప్పాడు."

"అమ్మని పంపావా? పాలు పొయ్యి మీద పెట్టి, ఆ పాల వంకే చూస్తూ పొంగించే మనిషిని?"

"ఇవాళ కూడా పొంగించింది. మనిషే పరాకు, ఏం చేస్తాం. కానీ కూర్చోమంటే కూర్చుంటుంది, కదలదు. నిన్ను పంపితే టోకెన్ ఎవరికో ఇచ్చేసి నిచ్చెన పట్టుకొచ్చేవాడివి."

"అమ్మ ఉంది కదా, ఇంకేం. నిదానంగా పోదాం. ముందు స్టార్టరు బిగించేసి..."

"బావా, ఇటు చూడు. నా మొహం చూడు. ఎందుకు తప్పించుకుంటున్నావు?"

"తప్పించుకోవట్లా."

"మళ్లీ మొహం అటు తిప్పావు."

"ఆ ట్రే ఎండలో ఉంటే..."

"ట్రే సంగతి వదిలెయ్యి. నిజం చెప్పు."

"డాక్టరు ఏమీ లేదంటే?"

"లేదంటే మంచిదేగా?"

"ఏం మంచి శిరీ? జబ్బుంటే జబ్బు, మందేసుకుంటా. లేదంటే అప్పుడేంటి? మా నాన్న పోయేదాకా 'వీడు చేతకానోడు' అనేవాడు. ఏమీ లేదని డాక్టరు కూడా అంటే, నాన్న అన్నదే నిజమని తేలినట్టేగా. ఇప్పుడైతే ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

"నాలుగొందల చెట్లలో ఏ చెట్టు ఏ ఏడాది కాపు తప్పిందో నోటికి చెప్తావు. చేతకానోడు చెప్పగలడా? లే. బండి తాళం తియ్యి."

"...సరే, పద. ఇంకో మాట లేదు. తాళం ఏది?"

"నన్నడుగుతావేంటి? కేలెండరు కింద మేకుకి లేదా?"

"లేదు. షెడ్డులోనా? సూది దొరికింది శిరీ!"

"సూది వద్దు, తాళం!"

"తవుడు కోసం తీసినప్పుడు నా చేతిలోనే ఉంది. బాబాయి కనపడ్డాడు, నిచ్చెన పట్టుకోవాలి, చెయ్యి ఖాళీ లేదు, అందుకని... ఆఁ! తువ్వాలు! ముడేసుకున్నా!"

"ఏ ముడి?"

"విప్పు, విప్పు. ఇది కాదు. ఇందులో స్క్రూ ఉంది. చూశావా, స్టార్టరుది! ఇది... ఇందులో ఏమీ లేదు. ఇదిగో తాళం!"

"రక్షించావు. పద. ఆగు, ఫోను. అత్త చేస్తుంది. స్పీకర్లో పెట్టు. అత్తా! బయల్దేరాం అత్తా, బండెక్కేస్తున్నాం. వంతు వస్తే కాస్త ఆగమను."

"వంతు అయిపోయింది కదే."

"అయిపోయిందా! పదకొండు కాలేదు ఇంకా!"

"డాక్టరమ్మ పెందలాడే వచ్చేసింది. ముందు నంబర్ల వాళ్లు సగం మంది రాలా. పద్నాలుగూ, పద్నాలుగూ అని మూడుసార్లు పిలిచారంట. పక్కావిడ నన్ను పొడిచింది."

"మాకు ఫోన్ చెయ్యాలి కదమ్మా!"

"చేద్దామనే తీశా సంతోషూ. తీశాక దేనికి తీశానో గుర్తురాలా. టోకెన్ నా కొంగునే ఉంది కదా, పిలిచినప్పుడు వెళ్లకపోతే బాగోదని లోపలికెళ్లా."

"నువ్వెళ్లావా! వెళ్లి ఏం చేశావు?"

"పేషెంటేరీ అంది. వస్తన్నాడమ్మా అన్నా. పోనీ తల్లివేగా, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పమంది. చిన్నప్పట్నించీ ఉంటేనే ఆ లెక్కలోకి వస్తదంట."

"అవునత్తా, అది అడుగుతారు. బాగా చెప్పావా?"

"చెప్పా. కాలు నిలవదండీ, బడిలో ఉండమంటే చెట్టు మీద ఉండేవాడండీ అన్నా. వస్తువులు పారేసుకుంటాడా అంది. పారేసుకుంటాడండీ, నేనూ అంతే అన్నా. చెప్తుంటే వినడా అంది. వాడసలు విన్నట్టే ఉండడండీ, నేనైతే విన్నట్టు ఉంటానండీ అన్నా. ఇంకా ఏదో అడుగుతుంది, నేను కిటికీలోంచి చూస్తన్నా."

"ఏం చూస్తున్నావమ్మా?"

"ఎదురు మేడ మీద ఒకావిడ చాప పరిచి మామిడితాండ్ర పోస్తుందిరా. ఒక పక్కే మందంగా పోసింది. ఆ పక్క ఎండదు. చెప్దామా అంటే చానా దూరం."

"అత్తా! డాక్టరమ్మ ఏమంది?"

"రాయడం ఆపేసింది. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసింది. 'అమ్మా, మీ పేరేంటి?' అంది."

"...నీ పేరా?"

"సీతమ్మ అన్నా. పైన రాసుకుంది. మళ్లీ మొదటి నించి అడిగింది. ఈసారి నన్ను. అరగంట అడిగిందే. నన్ను ఎవరైనా అరగంట అడిగారా ఇప్పటిదాకా?"

"ఏం చెప్పావమ్మా?"

"మూడో తరగతిలో పలక మీద లెక్క సగం వేసి ఉడత వంక చూస్తన్నానని, దీనికి బుద్ధి తక్కువ, బడి దండగ అన్నాడు మాస్టారు. మీ తాత మాన్పించేశాడు. ఆనాటి నించీ అదే పేరు. అన్నం మాడితే బుద్ధి తక్కువది. మాడకపోతే, ఇవాళ దీనికి బుద్ధొచ్చింది. మీ నాన్నా అదే, ఊళ్లో వాళ్లూ అదే. అది చెప్పా."

"దానికి ఆవిడ?"

"ఒక్కరోజులో ఖాయంగా చెప్పను, ఇంకోసారి చూడాలి అంది. కానీ బుద్ధి తక్కువ మాత్రం కాదమ్మా అంది. నాకు అరవై మూడేళ్లురా సంతోషూ. ఆ ముక్క వినడానికి నీ టోకెన్ కావాల్సొచ్చింది. తిట్టుకుంటున్నారా, వాడి వంతు నేను వాడేశానని?"

"లేదత్తా. ఆ రెండో రకం గురించి నేనే రాసుకున్నాను. మనసు ఎటో పోతుంది, పొయ్యి మీద పెట్టింది మర్చిపోతారు, ఎవరూ గుర్తుపట్టరు, అన్నీ రాసుకున్నాను. పొద్దున నువ్వు పొంగించిన పాలగిన్నె ఆ కాగితంతోనే పట్టుకుని దించాను. దించుతూ నిన్ను తిట్టాను."

"తిట్టావా? నేను విన్లేదులే."

"అమ్మా, మరి నా సంగతి?"

"నీదీ చూస్తానంది. వచ్చే నెల రెండో శుక్రవారం, ఇద్దరూ కలిసి రండి అంది. చిన్నప్పటి సంగతులు వింటే ఇది చేతకానితనంలా లేదు, వాణ్ణి భయపడకుండా రమ్మను అంది. నీ తువ్వాలు ముడుల సంగతీ చెప్పా, ఈలోపు ఒకటి చెయ్యమంది. పది ముడులొద్దు, ఒకటే ముడి. ఆ పని అయ్యేదాకా పక్కన ఒక మనిషి కూర్చోవాలంట. ఆ ముడి విప్పాకే ఇంకోటి."

"శిరీ, విన్నావా?"

"విన్నా. ఆ తువ్వాలు ఇటివ్వు. అన్నీ విప్పేస్తున్నా. ఇదొక్కటే ఉంచా. ఏంటిది?"

"చీటీలు."

"ఏ చీటీ ఏ ట్రేకి?"

"ఎర్రవి రసాలకి, పచ్చవి పచ్చడికాయకి."

"లారీ వచ్చేదాకా నీ పక్కనుంచి నేను లేవను. మూర్తిగారు ఇవాళ ఒక్క కాయ కూడా తప్పు పట్టకూడదు. ఉండు, అత్తా, వెనకాల ఏంటా మోత? బస్సెక్కావా?"

"ఎక్కా. కిటికీ పక్క సీటు దొరికింది."

"ఏ బస్సమ్మా?"

"ఎర్రది."

"అన్నీ ఎర్రవేనమ్మా! బోర్డు మీద ఏముంది?"

"బోర్డు బయటుంది, నేను లోపలున్నా. ఉండు, పక్కాయన్ని అడుగుతా. ...రెడ్డిగూడెం అంట."

"రెడ్డిగూడెమా! అత్తా, మనది ముసునూరు! అటు కాదు, ఇటు!"

"తెలుసు. ఈ పక్క తోటలు భలే కాశాయి శిరీషా, కొమ్మలు నేలకానుతున్నాయి."

"బావా, నువ్వు లేవకు, చీటీలు అంటించు. అత్తా, ఫోను ఆ పక్కాయనకివ్వు. ...అయ్యా, నమస్కారమండీ. మీరెవరో నాకు తెలీదు. ఆ కిటికీ పక్కన కూర్చున్నావిడ మా అత్త, పేరు సీతమ్మ. ముసునూరు రావాల్సింది, పొరపాటున ఈ బస్సెక్కింది, దింపి తిరుగు బస్సెక్కించాలి. ఎక్కడ దిగాలో మీరు చెప్తే తలూపుతుంది, కానీ అప్పటికే మనసు ఏ తోటలోకో వెళ్లిపోయుంటుంది. అడగదు, అల్లరి చెయ్యదు, అందుకే ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్లం ఒక్కరం కూడా ఆవిడ్ని పట్టించుకోలేదు. మీరైనా దిగేముందు ఒక్కసారి ఆవిడ్ని గుర్తుపెట్టుకోండి."