సావాలో వాలుగ

బోస్నియా సరిహద్దున సావా నది. ఉదయం. పడవలో ఆ ఊరి రెఫిక్, శాంతి దళంతో వచ్చిన హంగరీ సిపాయి గెర్గో.

“అది వాలుగ కాదు సిపాయీ. ఆగు, కొక్కెం తియ్యకు.”

“మీసాలున్నాయిగా బాబాయ్?”

“మా పిల్లికీ ఉన్నాయి. లెక్కపెట్టు.”

“ఎనిమిది.”

“వాలుగకి ఆరే. పైన రెండు పొడుగ్గా, గడ్డం కింద నాలుగు పొట్టివి. తోక దగ్గర వీపు మీద చూడు, బుల్లి రెక్క. అదుంటే జెల్ల. ఎవరో తెచ్చి వదిలిన జాతి. దాని ముల్లు గుచ్చుకుందంటే సాయంత్రం దాకా...”

“గుచ్చుకుంది.”

“ఎప్పుడు?”

“ఇందాకే.”

“మరి అరవవేం? నెత్తురు చూడు!”

“నొప్పి లేదు.”

“లేకపోవడమేంటి? ఇలా తే చెయ్యి. ఈ గుడ్డ చుట్టుకో. దాన్ని బుట్టలో పడెయ్, మళ్ళీ నదిలో వదలకు. మూడు వారాలైంది నువ్వు కనపడక. క్యాంపులో పనెక్కువా?”

“ఆ... ఉంది.”

“ఈ నెలతో నీ వంతు అయిపోతుందన్నావు. ఇంటికెప్పుడు?”

“కొయ్య కొట్టు బాబాయ్. నీళ్ళ మీద నువ్వు కొడితేనే వాలుగ పైకొస్తుంది.”

“కొడతాలే. అడిగినదానికి చెప్పు.”

“ఆ చప్పుడుకెందుకొస్తుందది? ఆకలికా?”

“ఆకలికి కాదు. చిరాకెత్తి వస్తుంది.”

“చిరాకు కూడా రాకపోతే?”

“అయితే అది చచ్చిన చేప. అమ్మాయి పేరేంటన్నావు... రేకా. ఎన్నేళ్ళు?”

“ఆరు. కాదు, ఏడు.”

“బావుంది! ఏడేళ్ళ పిల్లకి తండ్రి మొహం గుర్తుండాలంటే...”

“గుర్తుంది.”

“ఫోన్లో చూస్తే గుర్తుండటమా?”

“గుర్తుందన్నానుగా.”

“సరే, సరే. మీ ఆవిడ ఇల్దికోకి పొగబెట్టిన చేప కట్టిస్తానంది మా ఆవిడ. బస్సెక్కే రోజు చెబితే...”

“వద్దు.”

“మొహమాటమా?”

“అదుగో, తాడు కదిలింది.”

“అది ప్రవాహం. మాట మార్చకు. ఏం, క్యాంపువాళ్ళు వెళ్ళనివ్వలేదా?”

“నేను క్యాంపులో లేను.”

“మరి?”

“వంతెన దగ్గర గది తీసుకున్నాను.”

“గదెందుకు? తప్పేమైనా చేశావా?”

“లేదు. నా వంతు అయిపోయింది. అందరితో పాటే బస్సెక్కాను. ఇంటికెళ్ళాను.”

“వెళ్ళావా! మరి ఇక్కడ...”

“రేకా తలుపు తీసింది. నన్ను చూసింది, సంచీ చూసింది. ‘ఈసారి ఎన్ని రోజులు నాన్నా?’ అంది.”

“ఇంక ఎక్కడికీ వెళ్ళనమ్మా అనాల్సింది.”

“అదే అందామనుకున్నాను.”

“అన్నావా?”

“రెండ్రోజులన్నాను.”